పిట్ట పేరు తెలుసుకోవడానికి కొన్న కెమెరా

ముందే ఒక మాట. గోడకు తగిలించుకునే ఫోటోలు నాకు అక్కర్లేదు. చెరువు అవతలి ఒడ్డున బురదలో తిరుగుతున్న ఆ బూడిదరంగు పిట్ట ఏదో తెలియాలి, అంతే. ఇది గుర్తుపెట్టుకుని చదివితే నేను నికాన్ పి950 కెమెరా ఎందుకు కొన్నానో అర్థమవుతుంది. లేకపోతే "ఆ డబ్బుకు లెన్స్ మార్చుకునే మంచి డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరానే వచ్చేది కదా" అనిపిస్తుంది. మా ఆఫీసులో ఇప్పటికీ అదే అంటున్నారు.

మేముండేది మియాపూర్ వైపు. అమీన్‌పూర్ చెరువు దగ్గరే. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోతున్నా చలికాలంలో వలస పిట్టలు ఇంకా దిగుతూనే ఉన్నాయి. చాలాకాలం ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించే 8x42 బైనాక్యులర్ ఒక్కటే మెడలో వేసుకుని గట్టు మీద తిరిగేవాణ్ణి. చూడటానికి అంతకు మించిన వస్తువు లేదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. ఇబ్బందల్లా ఇంటికొచ్చాక. పుస్తకం తెరిస్తే ఒకే పేజీలో ఒకేలాంటి పిట్టలు నాలుగు. దాని కాళ్లు పసుపా, ఆకుపచ్చా? కనుబొమ గీత కంటి దగ్గరే ఆగిందా, వెనక్కి సాగిందా? చూసినప్పుడు అంతా స్పష్టంగానే ఉంటుంది, అన్నం తినేసరికి సగం మర్చిపోతాం. వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకటే ప్రశ్న: "ఫోటో ఉందా అన్నా?" ఫోన్‌తో తీసిన ఫోటోలో పిట్ట ఒక నలుసు.

అలా కెమెరా వేటలో పడ్డాను.

పిట్టల ఫోటోలంటే అందరూ మొదట చెప్పేది డీఎస్‌ఎల్‌ఆర్, దానికో పెద్ద లెన్స్. గ్రూపులో ఒకాయన దగ్గర నికాన్ 200-500 ఎంఎం లెన్స్ ఉంది (ఈ ఎంఎం అంకె ఎంత పెద్దదైతే పిట్ట అంత దగ్గరగా కనిపిస్తుంది). ఒక పూట చేతికిచ్చి చూడమన్నారు. బొమ్మ అద్భుతం, ఈక ఈక లెక్కపెట్టొచ్చు. కానీ లెన్స్ ఒక్కటే 2.3 కిలోలు. బాడీతో కలిపితే మూడు దాటుతుంది. గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు మోసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ధర సంగతి ఇంట్లో ఎత్తే ధైర్యం కూడా లేదు. అక్కడితో ఆ దారి మూసేశాను.

తర్వాత రెండో కొసకు వెళ్లాను: జేబులో పట్టే సూపర్‌జూమ్. కానన్ ఎస్‌ఎక్స్740 లాంటివి 300 గ్రాములే ఉంటాయి, 40 రెట్ల జూమ్, చివర 960 ఎంఎం. కాగితం మీద ఇంకేం కావాలి! కానీ దీనికి వ్యూఫైండర్, అంటే కంటికి ఆనించి చూసే చిన్న కిటికీ, లేదు. వెనక స్క్రీన్ చూస్తూనే తీయాలి. ఎండలో స్క్రీన్ నల్లగా కనిపిస్తుంది, ఒకటి. దాన్ని చూడాలంటే చేతులు ముందుకు చాపాలి, చాపిన చేతులతో 960 ఎంఎం దగ్గర పిట్టను ఫ్రేములో నిలపడం మా వల్ల కాదు, రెండు. కంటికి ఆనించి, మోచేతులు పక్కటెముకలకు నొక్కుకుంటేనే వణుకు తగ్గుతుంది. పిట్టలకు తీసుకునే కెమెరాకు వ్యూఫైండర్ లేకపోతే దాని గురించి ఇంకేం చదవనక్కర్లేదని నా అభిప్రాయం.

మిగిలినవి బ్రిడ్జ్ కెమెరాలు. చూడటానికి డీఎస్‌ఎల్‌ఆర్‌లా ఉంటాయి, లెన్స్ మాత్రం ఊడిరాదు. వీటిలో కానన్ ఎస్‌ఎక్స్70, పానసోనిక్ ఎఫ్‌జెడ్82, నికాన్ పి950, పి1000, సోనీ ఆర్‌ఎక్స్10 నాలుగో వెర్షన్ నా లిస్టులో ఉన్నాయి. ఇక్కడే ఎన్ని రెట్లు అనే లెక్క బోల్తా కొట్టిస్తుంది. 83 రెట్లంటే 83 రెట్లు దగ్గరగా కనిపిస్తుందని కాదు. లెన్స్ మొదలయ్యే చోటుకీ ముగిసే చోటుకీ మధ్య నిష్పత్తి అది. పి950 24 దగ్గర మొదలై 2000 దాకా వెళ్తుంది, అందుకే 83. ఎస్‌ఎక్స్70 21 నుంచి 1365 దాకా, 65 రెట్లు. ఎఫ్‌జెడ్82 20 నుంచి 1200, అంటే 60. పిట్టలకు కావాల్సింది చివరి అంకె. మొదటిది 20 అయితేనేం, 24 అయితేనేం, చెట్టు మొత్తం తీయడానికి ఫోన్ ఉందిగా. ఇక డబ్బా మీద పెద్దక్షరాల్లో రాసే డిజిటల్ జూమ్‌ను లెక్కలోంచి తీసేయండి. అది బొమ్మను సాగదీయడమే.

అసలు కిటుకు సెన్సర్‌లో, అంటే వెలుతురును పట్టి బొమ్మగా మార్చే చిప్‌లో ఉంది. సోనీ తప్ప పైన చెప్పినవన్నీ 1/2.3 అంగుళాల సెన్సర్‌వి. అంటే సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు, చిటికెన వేలి గోరంత కూడా లేదు. ఖరీదైన పెద్ద కెమెరాల్లో ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం దీనికి 30 రెట్లు. అంత చిన్నది కాబట్టే ఒక కిలో కెమెరాలో 2000 ఎంఎం ఇమిడింది. నిజానికి ఆ లెన్స్ 357 ఎంఎందే, చిన్న సెన్సర్ వల్ల 2000తో సమానమైన దగ్గరితనం వస్తోంది. అదే కారణంగా వెలుతురు తగ్గితే బొమ్మ గింజలు గింజలుగా మారుతుంది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కుంటుంది.

సోనీ మీద చాలా రోజులు మనసు పోయింది. ఒక అంగుళం సెన్సర్, అంటే వీటికన్నా నాలుగు రెట్లు పెద్దది. జూమ్ చివర కూడా ఎఫ్ 4 (ఈ అంకె చిన్నదైతే లెన్స్‌లోకి వెలుతురు ఎక్కువ వస్తుంది). ఫోకస్ వేగంలో మిగతావి దాని దరిదాపుల్లో లేవు. ఎగిరే పిట్టలు తీయాలంటే కళ్లు మూసుకుని అదే కొనాలి. కానీ 600 ఎంఎం దగ్గర ఆగిపోతుంది. 20 మెగాపిక్సెల్ బొమ్మను కత్తిరించి 2000 ఎంఎంతో సమానం చేస్తే మిగిలేది రెండు మెగాపిక్సెల్ లోపే. అవతలి ఒడ్డున ఉన్న నా పిట్టకు అది చాలదు. ధర కూడా నా లెక్క దాటిపోయింది. పి1000 ఇంకో చివర: 3000 ఎంఎం, 1.4 కిలోల బరువు, జూమ్ చివర ఎఫ్ 8. అంత దూరంలో లెన్స్ బాగున్నా మధ్యలో ఉన్న గాలి బాగుండదు. అది నేల విడిచి సాము అనిపించింది.

అబిడ్స్‌లో ఒక షాపుకు నా మెమరీ కార్డు పట్టుకుని వెళ్లాను. షాపతను లోపల గోడ మీదున్న క్యాలెండర్‌ను ఫోటో తీసి చూపించి "చూడండి సార్, ఎంత క్లారిటీ!" అన్నాడు. ట్యూబ్‌లైట్ కింద నాలుగడుగుల దూరంలో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. బతిమాలి గుమ్మం దాకా తెచ్చుకుని, రోడ్డుకు చాలా దూరంలో ఉన్న హోర్డింగ్ మీద కింద చిన్నగా రాసిన ఫోన్ నంబరును ఎస్‌ఎక్స్70తోనూ పి950తోనూ పూర్తి జూమ్‌లో తీశాను. కళ్లజోడుతోనే వ్యూఫైండర్ నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా, షట్టర్ నొక్కాక బొమ్మ ఎంతసేపు నల్లబడుతోంది, జూమ్ పూర్తిగా సాగినప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడ ఆనుతోంది, ఇవన్నీ అక్కడే చూసుకున్నాను. ఇంటికెళ్లి కంప్యూటర్‌లో చూస్తే రెండింటిలోనూ నంబరు చదవగలిగాను, పి950లో ఇంకాస్త ధైర్యంగా. తెలిసినవాళ్లొకరు పాత పి900 చవగ్గా ఇస్తామన్నారు. అదీ 2000 ఎంఎందే, 2015 నాటిది. కానీ వ్యూఫైండర్ ముతకగా ఉంటుంది, రా ఫైల్ (కెమెరా ఏ మార్పూ చేయని అసలు డేటా) రాదు. వ్యూఫైండర్ కోసమే పి950 వైపు మొగ్గాను.

బిల్లు వేసేటప్పుడు షాపతను యూవీ ఫిల్టర్, బ్యాగు, ఐదడుగుల ట్రైపాడ్ కలిపి కాంబో అన్నాడు. చవక ఫిల్టర్ ఒకటి 2000 ఎంఎం ముందు పెడితే ఉన్న స్పష్టత కూడా పోతుంది. వద్దని చెప్పి, ఒక అదనపు బ్యాటరీ మాత్రం తీసుకున్నాను. కంపెనీ లెక్క ప్రకారమే చార్జికి 290 ఫోటోలు. జూమ్ ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, వ్యూఫైండర్‌లో చూస్తూ నిలబడితే అంతకన్నా ముందే అయిపోతుంది.

ఇక వాడకం. మొదటి వారమంతా నేను ఫోటోలు తీయలేదు, పిట్టను వెతకడమే సరిపోయింది. 2000 ఎంఎం దగ్గర కెమెరాకు కనిపించేది ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ. కంటికి పిట్ట కనిపిస్తూనే ఉంటుంది, వ్యూఫైండర్‌లోకి చూస్తే అన్నీ ఆకులే. కెమెరాను వెంట్రుకవాసి జరిపితే ఇంకో కొమ్మ. ఈలోగా పిట్ట పోతుంది. దీనికి మందు ఒకటే, సాధన. మా డాబా మీద నుంచి పక్కింటి వాటర్ ట్యాంకు మీద వాలే గోరింకలతో మొదలుపెట్టాను. ముందు కంటితో పిట్టను చూడాలి. దాని పక్కన ఒక గుర్తు పట్టుకోవాలి: విరిగిన కొమ్మ, ఎండిన ఆకు, చీలిక, ఏదో ఒకటి. చూపు తిప్పకుండా కెమెరాను కంటి దగ్గరికి తేవాలి. వెడల్పుగా పెట్టి ఆ గుర్తును మధ్యలో ఉంచి, అప్పుడు జూమ్ చేసుకుంటూ పోవాలి. మధ్యలో జారిపోతే పి950లో లెన్స్ పక్కన ఒక బటన్ ఉంది. నొక్కి పట్టుకుంటే వెనక్కి వెళ్లి చుట్టుపక్కలంతా చూపిస్తుంది, పిట్టను మళ్లీ మధ్యకు తెచ్చి వదిలితే పాత జూమ్‌కి తిరిగొస్తుంది. నా మటుకు కెమెరా మొత్తం మీద విలువైనది ఆ బటనే. గ్రూపులో ఒక కుర్రాడు కెమెరా నెత్తిన ఎర్రచుక్క చూపించే డాట్ సైట్ బిగించుకున్నాడు, తుపాకీ గురి చూసినట్టు. రెండు కళ్లూ తెరిచి పిట్టను పట్టేస్తాడు. చూస్తే ముచ్చటేస్తుంది.

డయల్ మీద పిట్ట గుర్తుతో ఒక మోడ్ ఉంది. కొత్తలో అందులోనే తీశాను, బాగానే పనిచేస్తుంది. అలవాటయ్యాక షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలన్నది) నా చేతిలో ఉండాలనిపించింది. ఇప్పుడు 1/500 సెకను, ఐఎస్‌ఓ 800 దాటకుండా ఆటో (ఐఎస్‌ఓ పెరిగితే తక్కువ వెలుతురులోనూ తీయొచ్చు, గింజలూ పెరుగుతాయి), ఫోకస్ మధ్యలో చిన్న చుక్క మీద, ఇవన్నీ 'యు' అనే గుర్తు దగ్గర సేవ్ చేసి పెట్టుకున్నాను. పొద్దున్నే కెమెరా ఆన్ చేస్తే అన్నీ సిద్ధం. కదలకుండా కూర్చున్న పగిడికంటెకు (చిన్న గుడ్లగూబ) 1/125 కూడా చాలు, లెన్స్‌లోని వణుకు తగ్గించే ఏర్పాటు బాగా కాస్తుంది. తోక ఆడించే జిట్టంగికి 1/1000 పెట్టినా ఒక్కోసారి తోక చెదిరిపోతుంది.

రంగు సంగతి వేరే చెప్పాలి. చిన్న సెన్సర్‌కు తెలుపంటే పడదు. ఎండలో కొంగను మామూలుగా తీస్తే ఈకలేమీ ఉండవు, కాగితం ముక్క కత్తిరించి అతికించినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్ (బొమ్మ వెలుగు) ఒక మెట్టు దాకా తగ్గిస్తే అప్పుడు రెక్క మడతలు కనిపిస్తాయి. పసులపోలిగాడి విషయంలో తిరగేయాలి. ఆ నలుపులో కన్ను కూడా కనిపించదు, అందుకని కాస్త పెంచాలి. ఆకాశం వెనకుంటే ఇంకా పెంచాలి.

ఎంత దూరం దాకా పనికొస్తుందని అందరూ అడుగుతారు. 2000 ఎంఎం దగ్గర 20 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు దాదాపు 35 సెం.మీ. పిచ్చుకంత పిట్ట సగానికి దగ్గరగా నింపుతుంది, ఈకలు చూడొచ్చు. 50 మీటర్లకు ఫ్రేము 85 సెం.మీ. పైచిలుకు. పాలపిట్టకు సరిపోతుంది, చిన్నవాటికి పేరు దొరుకుతుంది. వంద మీటర్లు దాటితే పొద్దున ఏడింటికి ఒక బొమ్మ, పదింటికి ఇంకో బొమ్మ. ఎండెక్కాక నీళ్ల మీద నుంచి లేచే వేడిగాలిలో అవతలి ఒడ్డున ఉన్న కొంగ కాళ్లు మెలికలు తిరిగి కనిపిస్తాయి. ట్రైపాడ్ పెట్టినా, షట్టర్ స్పీడ్ పెంచినా అది పోదు. తొమ్మిది దాటాక నేను దూరం పిట్టల జోలికే వెళ్లను, దగ్గర చెట్లలో తేనెపిట్టలను వెతుక్కుంటాను. దానికీ ఒక మెలిక ఉంది. పూర్తి జూమ్‌లో ఐదు మీటర్ల లోపు ఉన్నదాని మీద ఫోకస్ కాదు. మందార చెట్టు మీది తేనెపిట్ట రెండు మీటర్ల దూరంలో వేలాడుతుంటే జూమ్ వెనక్కి తీసుకోవాలి.

అడవి వేరే కథ. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో చెట్ల నీడన వెలుతురు అత్తెసరు. తోకపిగిలి పిట్ట తెల్లని రిబ్బన్ లాంటి తోకతో కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంటే, కెమెరా ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. ఐఎస్‌ఓ 1600 పెట్టి తీసిన బొమ్మలో ఈకలు పిండి ముద్దలా ఉంటాయి. ఈ తరహా కెమెరాలన్నిటికీ ఇది తప్పదు. రా ఫైల్ తీసి కంప్యూటర్‌లో కూర్చుంటే కొంత నయమవుతుంది. నాకంత ఓపిక లేదు, అలాంటి చోట కెమెరా దించేసి బైనాక్యులర్‌తో చూస్తాను. ఎగిరే పిట్టలు కూడా అంతే. గూడబాతు (పెలికాన్) రెక్కలు చాపి తేలిపోతుంటే 500 ఎంఎం దగ్గర పట్టొచ్చు. వానకోవెలలు, పసిరిక పిట్టలు గాల్లో పురుగు పట్టే దృశ్యం కోసం ఇది కొంటే డబ్బు దండగ. బర్స్ట్‌లో (ఆపకుండా వరుసగా తీసే పద్ధతి) సెకనుకు ఏడు చొప్పున పది దాకా తీసి, వాటిని కార్డులో రాసుకునే దాకా నోరు మెదపదు.

ఇదంతా విని ఎందుకు కొన్నాడురా అనుకోకండి. ఒక చలికాలం పొద్దున అమీన్‌పూర్ బురదలో రెండు ఉల్లంకులు పక్కపక్కనే తిరుగుతున్నాయి. బైనాక్యులర్‌లో రెండూ ఒకటే: గోధుమరంగు వీపు, తెల్ల పొట్ట, ఆగకుండా ఊగే తోక. కెమెరాతో తీసి అక్కడే స్క్రీన్ మీద పెద్దది చేసి చూశాను. ఒకదాని వీపు మీద తెల్లచుక్కలు దండిగా ఉన్నాయి, కనుబొమ గీత కంటిని దాటి వెనకదాకా సాగింది, కాళ్లు పసుపు. అది వుడ్ శాండ్‌పైపర్. రెండోదాని వీపు ముదురు రంగు, చుక్కలు సన్నవి, గీత కంటి దగ్గరే ఆగిపోయింది, కంటి చుట్టూ తెల్లని వలయం. గ్రీన్ శాండ్‌పైపర్. ఫోటోగా చూస్తే అది ఎవరికీ పంపేది కాదు, గింజలు, మసక. కానీ గీత ఎక్కడ ఆగిందో చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. ఈబర్డ్ అనే పిట్టల నమోదు వెబ్‌సైట్‌లో పెడితే మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. చిన్న లకుముకి పిట్టలో ఆడామగా తేడా కూడా ఇలాగే పట్టుబడింది. కింది ముక్కు ఎర్రగా ఉంటే ఆడది. ఎన్నేళ్లుగా ఆ పిట్టను చూస్తున్నానో, ఆ ఎరుపు మాత్రం ఫోటోలోనే మొదటిసారి చూశాను.

ఇంకో లాభం నేను ఊహించనిది. తీతువు పిట్ట నేల మీద గుడ్లు పెడుతుంది. మనిషి కాస్త దగ్గరికి వెళ్తే చాలు, ఊరంతా వినపడేలా అరుస్తూ నెత్తి మీద తిరుగుతుంది. దూరం నుంచి, కూర్చుని తీస్తే అది తన పని తాను చేసుకుంటుంది. పెద్ద లెన్సుల వాళ్లు ఫ్రేము నింపడానికి నాలుగడుగులు, ఇంకో నాలుగడుగులు అంటూ జరుగుతుంటే చిరాకేస్తుంది. దసరాకు పాలపిట్టను పట్టి పంజరంలో తెచ్చి చూపించి డబ్బులడిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను దూరం నుంచి తీసి మా అమ్మకు ఫోన్‌లో పంపిస్తే ఆవిడకు పండగ అయిపోయినట్టే.

గుంటూరు దగ్గర ఉప్పలపాడుకు వెళ్లినప్పుడు జూమ్ అంతా వాడే అవసరమే రాలేదు. ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు, నత్తగొట్టు కొంగలు. గట్టు మీద నుంచే కనిపిస్తాయి. 400, 500 ఎంఎం దగ్గర బొమ్మ కూడా ఎక్కువ స్పష్టంగా వస్తుంది. వీలున్నప్పుడల్లా జూమ్ తగ్గించి, కాళ్లకు పని చెప్పడమే మేలు. అక్కడ ఒక పెద్దాయన నా పక్కకొచ్చి "ఏదండీ, ఒకసారి చూపించండి" అని కెమెరా తీసుకుని, గూట్లో పిల్ల నోట్లోకి తల్లి చేప కక్కడం చూసి, "రోజూ చూసేదే గానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూళ్లేదు" అన్నారు. కెమెరా మళ్లీ నా చేతికి రావడానికి చాలాసేపు పట్టింది.

చిన్న చిన్న జాగ్రత్తలు కొన్ని. ట్రైపాడ్ నేను దాదాపు వాడను, కారు కిటికీ మీదో గట్టు రాయి మీదో పెట్టుకోవడానికి శనగలు పోసి కుట్టిన గుడ్డ సంచి ఒకటి చాలు. జూమ్ సాగేటప్పుడు గొట్టం బయటికొస్తుంది కాబట్టి దుమ్ములో లెన్స్ ఆడించకూడదు. వాన జల్లుకు ఈ కెమెరా తట్టుకోదు, ప్లాస్టిక్ కవరు ఎప్పుడూ సంచిలో ఉండాలి. వానాకాలం లెన్స్‌కు ఫంగస్ పట్టకుండా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెడతాను. డబ్బా ఇంట్లో పప్పులు పోసుకునేది. దాని మీద కొన్నాళ్లు చిన్న గొడవ కూడా జరిగింది.

మొన్న మా ఆఫీసులో ఒకాయన "నాకూ అదే ఇప్పించు" అన్నారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, తిరిగేది కేబీఆర్ పార్కులో, పిట్టలతో పాటు మనవడి ఫోటోలు కూడా కావాలి. కిలో బరువున్న పి950 ఒకసారి మెడలో వేసి చూపించాను. రెండు రౌండ్లకే తీసిచ్చేశారు. 610 గ్రాముల ఎస్‌ఎక్స్70 చూడమన్నాను. 1365 ఎంఎం ఆయన పార్కుకు ధారాళంగా సరిపోతుంది. ప్రస్తుతం సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నారు. జూమ్ పూర్తిగా సాగదీసి, ఎండలో ఒక కాకిని తీసి చూశాకే డబ్బులివ్వమని చెప్పాను.